పాత కొలువా, అగ్నివీర్ కొలువా?

శ్రీకాకుళం శివారు రోడ్ల మీద సైన్యంలో చేరాలని తెల్లవారకముందే 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లకు 2022 జూన్‌కు ముందున్న దారి వేరు, ఇప్పుడున్నది వేరు. పాత పద్ధతిలో చేరిన జవానుకు 15 ఏళ్లు నిండితే జీవితాంతం పింఛను, మాజీ సైనికుల వైద్య సదుపాయం దక్కేవి. ఆ పింఛను భరోసాతోనే కూతురి పెళ్లి చేసి, డాబా వేసుకున్న ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరే జవానుకు, అంటే అగ్నివీర్‌కు, సర్వీసు నాలుగేళ్లే. నెలనెలా జీతంలో 30 శాతం మినహాయించి, అంతే మొత్తాన్ని ప్రభుత్వం జతచేయగా, చివరకు సుమారు 11.71 లక్షల సేవానిధి చేతికొస్తుంది, పింఛను ఉండదు. శాశ్వత కొలువులోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. సైన్యం సగటు వయసు, పింఛను భారం తగ్గడం మేలే. అయితే పనిలో చెయ్యి తిరిగే వేళకు ఇంటికి పంపడం అటు దళానికీ, ఇటు ఇరవై రెండేళ్లకే మళ్లీ ఉద్యోగాల వేటలో పడే కుర్రాడికీ నష్టమే కనుక, పాత పద్ధతికే నా మొగ్గు.