పెళ్లి మండపంలో ఏది మేలు: ‘ఎ’ మోడా, ‘ఎం’ విత్ ఆటో ఐఎస్‌ఓనా?

మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే నాకు ఒకటే ప్రశ్న. “అన్నా, లెన్స్ మంచిదే, ఫొటోలు మాత్రం షేక్ అవుతున్నాయి. ఏ మోడ్‌లో పెట్టమంటావ్?” పదేళ్లు నేను ‘ఎ’ మోడ్ మనిషిని (కెనాన్ వాళ్లకు ‘ఏవీ’). అందులో లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం పెడతాం (అదే ఎఫ్ నంబరు, అంకె చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు), షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ‘ఎం’లో రెండూ మనమే పెట్టాలి. ఆటో ఐఎస్‌ఓ అంటే అందిన వెలుతురును ఎంత పెంచి చూపాలో కెమెరాకే వదిలెయ్యడం. మా పిన్ని కూతురి పెళ్లిలో మనసు మార్చుకున్నాను.

తలంబ్రాలు. 50 ఎంఎం లెన్స్, ఎఫ్ 2.8. కెమెరా వెనక తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి సిస్టంలో పెద్దవి చేసి చూస్తే పెళ్లికొడుకు కళ్లు రెండేసి, బియ్యం గింజలన్నీ గీతలు. వెనక అరటిచెట్టు మాత్రం ఆకు ఈనెలతో సహా కత్తిలా ఉంది. అంటే నా చెయ్యి వణకలేదు, మనుషులు కదిలారు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఎంతున్నా దీనికి పనికిరాదు. వివరాలు చూస్తే షట్టర్ 1/60 సెకను, ఐఎస్‌ఓ 1600. ఆటో ఐఎస్‌ఓ లెన్స్ పొడవును చూసుకుని 1/60 చాలనుకుంది. అరటిచెట్టుకైతే చాలు. వదిన మీద దోసిలెత్తి పోసే మరదలికి 1/250 కావాలి. అదే వెలుతురులో అంటే ఐఎస్‌ఓ 6400.

ఆ 6400 చూసే చాలామంది జడుస్తారు. గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, నిజమే. ‘రా’లో (కెమెరా కుదించని పూర్తి ఫైల్‌గా) తీస్తే దాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. సాగిపోయిన కన్నును ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా వెనక్కి తేలేదు.

‘ఎం’లో 1/250, ఎఫ్ 2.8 పెట్టి ఐఎస్‌ఓను కెమెరాకు వదిలేస్తే ఈ బాధ లేదు. వీడియో లైటు వెలిగితే ఐఎస్‌ఓ దిగుతుంది, ఆరితే ఎక్కుతుంది. అయితే వెలుతురు లెక్క ఇక్కడా కెమెరాదే, పేరుకే మాన్యువల్. జంట వెనక ఎల్‌ఈడీ గోడ ఉంటే ముఖాలు నల్లబడతాయి, ప్లస్ 1 కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కన్నా వెలుతురు పెంచమని చెప్పడం) ఇవ్వాల్సిందే. కొన్ని పాత బాడీల్లో ‘ఎం’లో ఆ సదుపాయం ఉండదు. అది చూసుకోండి.

“ఎఫ్ 1.8 దాకా తెరిస్తే ఐఎస్‌ఓ తగ్గుతుంది కదా” అంటారు. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద ఇదే లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో అప్పుడు ఫోకస్‌లో ఉండేది పదకొండు, పన్నెండు సెంటీమీటర్ల మందమే. అమ్మాయి కన్ను షార్ప్, పక్కన అబ్బాయి మసక. వాళ్లమ్మకు సమాధానం మీరే చెప్పుకోవాలి.

‘ఎ’ని తీసిపారెయ్యను. ఎదురుకోలుకు మండపం బయటికొచ్చి, ఆ ‘ఎం’ సెట్టింగ్ మార్చకుండా ఎండలో ఇరవై ఫొటోలు తీశాను. ఐఎస్‌ఓ 100 కన్నా కిందికి దిగలేదు. ఎఫ్ 2.8కి ఆ ఎండలో 1/3200 దాకా కావాలి, నా షట్టర్ 1/250 దగ్గరే ఉంది. బాబాయి పంచె, ఆకాశం తెల్లగా కలిసిపోయాయి. ‘ఎ’ అయితే షట్టర్ దానంతటదే పెరిగేది.

మధ్యే మార్గం ఒకటుంది. ‘ఎ’లోనే ఉండి, ఆటో ఐఎస్‌ఓ మెనూలో కనీస షట్టర్ 1/250 అని పెట్టుకోవడం. కొత్తవాళ్లకు నేను ఇదే చెబుతాను. కానీ చీకటి మరీ ఎక్కువై ఐఎస్‌ఓ మీరు పెట్టిన హద్దుకు చేరిందనుకోండి, ‘ఎ’ గుట్టుచప్పుడు కాకుండా షట్టర్ తగ్గించేస్తుంది. ‘ఎం’ తగ్గించదు, ఫొటో చీకటిగా వస్తుంది. చీకటిని తర్వాత కొంత లేపుకోవచ్చు. అందుకే మండపంలో నా ఓటు ‘ఎం’కే.

ఒక్క ఇబ్బంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/250లో ఫొటోకు అడ్డంగా చారలు పడొచ్చు. పడితే 1/100కి దిగి, చేతులు ఆగే క్షణం కోసం కాచుకోవడమే.

షట్టర్ వేగం మనం పెట్టి మిగతాది కెమెరాకు వదిలే ‘ఎస్’ మోడ్ బస్సులకూ, ఆటలకూ సరే. ఐఎస్‌ఓ కూడా మనమే పెట్టే పూర్తి మాన్యువల్, ఫ్లాష్ వాడేవాళ్లకు. అన్నీ కెమెరాయే చూసుకునే గ్రీన్ ఆటో, బావగారి చేతికి కెమెరా ఇచ్చేటప్పుడు.

ఇప్పుడు నా డయల్ మీద, సెట్టింగులు దాచుకునే గుర్తుల్లో యూ1 మండపానికి, యూ2 ఎండకు. గడప దాటేటప్పుడు తిప్పడం మాత్రం ఇంకా మర్చిపోతూనే ఉన్నాను.