చెంచాలు నాకు, బాకులు ఆయనకు: ఎడిన్‌బరో నుంచి ఇన్వర్నెస్ దాకా ఐదు రోజులు

పాత వెండి చెంచాలంటే నాకు ప్రాణం. మా ఆయనకి స్కాట్లాండ్ బాకులంటే ఇష్టం. బర్మింగ్‌హామ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, ఈ రెండింటి కోసమే ఒక ప్రయాణం పెట్టుకోవడం మొన్న అక్టోబర్‌లోనే కుదిరింది. ఎడిన్‌బరోలో మూడు రాత్రులు, ఇన్వర్నెస్‌లో ఒకటి.

ఎడిన్‌బరోలో పాత ఊరి మధ్య గదులు మరీ ఖరీదు. అందుకని దక్షిణాన న్యూయింగ్టన్‌లో ఒక చిన్న గెస్ట్ హౌస్ తీసుకున్నాం. రాత్రికి 88 పౌండ్లు, టిఫిన్‌తో కలిపి. లిఫ్ట్ లేదు, మా గది మూడో అంతస్తులో. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది గది ముందే అడిగి పెట్టుకోండి. గది మాత్రం వెచ్చగా, శుభ్రంగా ఉంది. ఉదయం ఓట్స్ జావ, హాగిస్ అనే స్కాట్లాండ్ వంటకం మాంసం లేకుండా చేసింది పెట్టారు. మిరియాలు గట్టిగా తగిలిన ఆ హాగిస్ మా నోటికి బాగా నచ్చింది. బస్సులో కార్డు తాకిస్తే సరిపోతుంది. డబ్బులిస్తే చిల్లర తిరిగి ఇవ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వేయాలి.

మొదటి రోజు ఏ దుకాణంలోకీ అడుగు పెట్టకూడదని ముందే అనుకున్నాం. నేరుగా ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి వెళ్లాం. ప్రవేశం ఉచితం. మంచి వస్తువు ఎలా ఉంటుందో కళ్లకు అలవాటైతే, మర్నాడు దుకాణంలో నాసిరకం దానంతటదే తెలిసిపోతుందని నా నమ్మకం.

అక్కడ నన్ను కట్టిపడేసింది, బ్రిటన్ సింహాసనం తన వంశానిదేనని పోరాడిన ప్రిన్స్ చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్ ప్రయాణాల్లో వాడుకున్న వెండి భోజన సరంజామా. 1740-41లో ఎడిన్‌బరో కంసాలి ఎబెనేజర్ ఒలిఫాంట్ చేశాడు. చేత్తో పట్టుకుపోయేంత వెండి డబ్బా, దానిలో ఒకదాని పక్కన ఒకటి ఒదిగిపోయే కత్తులు, ఫోర్కులు, చెంచాలు, తాగడానికి చిన్న గిన్నెలు. ఎముకలోని మూలుగ తీసుకు తినడానికి ఒక సన్నటి గరిటె కూడా ఉంది. నల్లిబొక్క తినే ఇంట్లో పెరిగినవాళ్లకి దాని పని ఎవరూ చెప్పక్కర్లేదు. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయాక ఈ డబ్బా శత్రువుల చేతికి చిక్కింది. దాని ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

అప్పుడే మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని, "ఇదిగో, ఇటు రా, నీ వస్తువులు ఇక్కడ కూడా ఉన్నాయి" అని బాకుల వైపు తీసుకెళ్లారు. హైలాండ్ కొండల్లో మగవాళ్లు నడుముకి కట్టుకునే పొడుగు బాకుని డర్క్ అంటారు. పాతవాటి పిడి చెట్టు వేరునుంచి చెక్కినది, దాని నిండా ముడులు ముడులుగా అల్లిక. విరిగిన ఖడ్గాన్ని కురచ చేసి బాకుగా మార్చినవి చాలా ఉంటాయట. అలుగు మధ్యలో పొడుగాటి గాడి కనిపిస్తే అది ఒకప్పుడు ఖడ్గం అయ్యుండొచ్చు. ఆయన నాకు చూపించింది మాత్రం ఒర. దాని ముందు వైపు రెండు చిన్న అరలు, ఒకదానిలో బుల్లి కత్తి, ఇంకోదానిలో ఫోర్క్. అంటే ఆ మనిషి యుద్ధానికీ భోజనానికీ కావలసింది ఒకే ఒరలో పెట్టుకుని తిరిగాడు. నావి వేరు, ఆయనవి వేరు అనుకుంటూ వచ్చిన మాకు ఆ ఒర దగ్గర అవి కలిసిపోయాయి.

రెండో రోజు దుకాణాలు. పాత ఊరి ముఖ్య వీధి రాయల్ మైల్ మీద కిల్టులూ శాలువలూ అమ్మే చోట్ల బాకులు వరసగా వేలాడుతుంటాయి. దాదాపు అన్నీ కొత్తవే, బహుమతిగా కొనుక్కోవడానికి పనికొస్తాయి. పాతవాటికోసమైతే అక్కడ పొద్దు పుచ్చకండి. అక్కడే ఒక కొట్టులో "పాత వెండి" అని చూపించిన ఆరు చెంచాల వెనక నా భూతద్దం పెడితే ఈపీఎన్ఎస్ అన్న అక్షరాలు కనిపించాయి. అంటే నికెల్ మిశ్రమం మీద వెండి పూత. అడిగితే అమ్మేవాడు మాట మార్చాడు. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే పక్కనే ఒక పెద్దావిడ అలాంటివే సంచిలో వేయించుకుంటోంది.

స్టాక్‌బ్రిడ్జ్‌లోని సెయింట్ స్టీఫెన్ స్ట్రీట్ చుట్టుపక్కల తిరగడం నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. అక్కడి ఒక చిన్న కొట్టులో ఒక పెద్దాయన ట్రే నా ముందు పెట్టి, "తీరిగ్గా చూసుకోండమ్మా" అన్నట్టుగా కుర్చీ జరిపారు. ఎడిన్‌బరోలో నాణ్యత పరీక్షించిన వెండి మీద మూడు బురుజుల కోట ముద్ర ఉంటుంది, అది 1485 నాటి నుంచి వస్తున్న గుర్తు. 1759 నుంచి దాని పక్కన స్కాట్లాండ్ చిహ్నమైన తిసిల్ అనే ముళ్ల పువ్వు చేరింది. 1975 నుంచి ఆ పువ్వు స్థానంలో వెనక కాళ్ల మీద లేచిన సింహం వచ్చింది. సంవత్సరాన్ని ఒక అక్షరం చెబుతుంది. 1784 నుంచి 1890 వరకు పన్ను కట్టినట్టు రాజుదో రాణిదో తల ముద్ర కూడా ఉంటుంది. ఇంకా చేసినవాడి పొడి అక్షరాలు. ఈ అయిదూ ఒక చెంచా కాడ మీద స్పష్టంగా కనిపిస్తే నాకు ఒక ఉత్తరం చదివినట్టే ఉంటుంది.

ముద్రల తర్వాత చూడాల్సింది అరుగుదల. చెంచా కొన ఎడమ వైపు అరిగిపోయి ఉంటే కుడిచేతివాళ్లు ఏళ్ల తరబడి వాడారని అర్థం. కాడ మీద వేలితో రాస్తే ఎక్కడైనా పల్చగా లోతు తగిలితే, అక్కడ పాత యజమాని పేరు గీకేశారన్నమాట. అలాంటివి నేను కొనను. మా అమ్మమ్మ తెనాలిలో ప్రతి గిన్నె మీదా, ప్రతి గ్లాసు మీదా పేరు కొట్టించేది. ఆ పేరు చెరిపేసిన గిన్నెని నేను ఊహించుకోలేను. ఇక్కడి వాళ్లూ అంతే, చెంచాలమీద ఇంటి అక్షరాలు చెక్కించుకున్నారు.

నేను కొన్నది ఒక టోడీ గరిటె, 70 పౌండ్లు. ముద్రల పట్టికతో పోల్చి చూస్తే 1820ల నాటిది, కాడ మీద రెండు అక్షరాలు చెక్కి ఉన్నాయి. వేడినీళ్లు, చక్కెర కలిపిన విస్కీని పెద్ద గ్లాసులోంచి చిన్న గ్లాసులోకి వంచుకోవడానికి స్కాట్లాండ్‌లో వాడిన గరిటె ఇది. టోడీ అన్న మాట మన దేశం నుంచే వెళ్లింది, తాటికల్లుకి హిందీలో ఉన్న తాడీ అన్న పేరే అది. ఆ పెద్దాయనకి ఈ సంగతి చెబితే ఎంతో సంబరపడ్డారు.

మా ఆయన కొన్నది స్కియన్ డూ, మేజోడులో దోపుకునే చిన్న బాకు. పేరుకి అర్థం నల్ల కత్తి. 1746లో హైలాండ్ దుస్తుల్ని నిషేధించిన చట్టాన్ని 1782లో ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ చేయించిన సంబరాలతో ఆ వేషానికి మళ్లీ మోజు పెరిగింది. వెండి తొడుగులు, పిడి మీద పొగరంగు కెయిర్న్‌గార్మ్ రాళ్లు పొదిగిన బాకులకు గిరాకీ ఆ తర్వాతే. ఆ రాయి స్థానంలో రంగు గాజు పెట్టినవీ ఉంటాయి, భూతద్దంలో గాలి బుడగలు కనిపిస్తే గాజే. ఆయన దానికి ఈ బుడగలు లేవు. కానీ వెండి మీద ముద్ర చూసి మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం: లంగరు గుర్తు. 1773 నుంచీ అది బర్మింగ్‌హామ్ ముద్ర. కొండల్లో పుట్టిందనుకున్న బాకుకి వెండి పరీక్ష జరిగింది మా ఊళ్లోనే.

వేలంపాట వస్తువులు కూడా చూశాం. వాటిని ప్రదర్శించే రోజు ఎవరైనా వెళ్లి చేతిలోకి తీసుకుని చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. పాడేముందు మాత్రం పాట ధర మీద కమిషన్, దాని మీద వ్యాట్ లెక్కేసుకోండి. మేము అడిగిన చోట అది పాట ధరలో పాతిక శాతం దాటింది. ఏనుగు దంతం పిడి ఉన్న పాత కత్తుల జోలికి పోకండి. 2022 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప బ్రిటన్‌లో దంతం అమ్మకూడదు.

ఇన్వర్నెస్‌కి రైల్లో మూడున్నర గంటలు. డ్రమాక్టర్ కనుమ దగ్గర రైలు 452 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, అక్కడ కిటికీ పక్క సీటు దొరకడం అదృష్టం. హోటల్ విషయంలో మాత్రం నిరాశపడ్డాం. 130 పౌండ్లు తీసుకుని, కిందనున్న బార్ చప్పుడు రాత్రి ఒంటిగంట దాకా వినిపించే గది ఇచ్చారు. మార్చమంటే ఖాళీ లేదన్నారు. పొద్దున్నే మేనేజర్ క్షమాపణ చెప్పి టిఫిన్ డబ్బులు తగ్గించారు, కానీ పోయిన నిద్ర పోయిందే.

ఆ ఊరి మ్యూజియం ఆ బాధని మరిపించింది. హైలాండ్ ఊళ్ల వెండి ఇక్కడ విడిగా చూడొచ్చు. ఇన్వర్నెస్ కంసాలులు కొట్టిన ముద్రల్లో ఒంటె బొమ్మ ఒకటి. ఊరి అధికార చిహ్నానికి ఒకవైపు ఒంటె, ఇంకోవైపు ఏనుగు! ఈ చిన్న ఊళ్ల చెంచాలు అరుదు కాబట్టి ధర ఎడిన్‌బరో చెంచాకి ఎన్నో రెట్లు. నేను చూసి తృప్తిపడ్డాను.

ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కల్లోడెన్ మైదానం. ప్రదర్శనశాలకి టికెట్టుంది, మైదానంలో నడవడానికి లేదు. 1746 ఏప్రిల్ 16న గంట కూడా గడవకుండా యుద్ధం ముగిసింది. వంశాల పేర్లు చెక్కిన రాళ్లు గడ్డిలో అక్కడక్కడా ఉన్నాయి. ఆ వెండి డబ్బా ఇక్కడే చేతులు మారిందని తలుచుకుంటూ గాలిలో చాలాసేపు నడిచాం.

తిరుగు ప్రయాణంలో బాకుని గుడ్డలో చుట్టి, రసీదుతో సహా పెట్టె అడుగున పెట్టి తాళం వేశాం. బ్రిటన్‌లో సరైన కారణం లేకుండా బహిరంగంగా కత్తి పెట్టుకు తిరగడం నేరం. స్కాట్లాండ్‌లో సంప్రదాయ దుస్తులతో ధరిస్తే మినహాయింపు ఉంది. విమానంలో చేతిసంచిలో అసలు పెట్టకూడదు.

దీపావళికి ఇంటికి పన్నెండుమంది వచ్చారు. ఆ టోడీ గరిటె సరిగ్గా మా నేతిగిన్నెకి సరిపోయింది. ముద్దపప్పు మీద అందరికీ నేనే నెయ్యి వడ్డించాను. కాడ మీదున్న రెండు అక్షరాలు ఎవరివని అమ్మాయి అడిగింది. ఇంకా వెతుకుతున్నాను.