అకౌంటింగ్ డిగ్రీ తర్వాత నేను కొన్న మోడలింగ్ కోర్సు: ఎంతవరకు పనికొచ్చింది?

అకౌంటింగ్‌లో డిగ్రీ పూర్తవుతూనే ఫైనాన్స్ ఉద్యోగం కోసం ఒక ఆన్‌లైన్ ఫైనాన్షియల్ మోడలింగ్ (కంపెనీ రాబోయే ఏళ్ల లెక్కలను ఎక్సెల్‌లో అంచనా కట్టడం) కోర్సు కొన్నాను. ఇప్పుడు ఒక కంపెనీ ఎఫ్‌పీ అండ్ ఏ టీమ్‌లో, అంటే బడ్జెట్లు, రాబోయే నెలల అంచనాలు తయారుచేసే విభాగంలో జూనియర్ అనలిస్టుని. కోర్సు పేరు రాయడం లేదు. ముందు అకౌంటింగ్ బేసిక్స్, ఎక్సెల్, తర్వాత మూడు స్టేట్‌మెంట్ల (లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో) మోడల్, ఆపైన వాల్యుయేషన్ (కంపెనీ విలువ కట్టడం), చివర్లో ఇంటర్వ్యూ తయారీ అనే వరస చాలా కోర్సుల్లో ఉంటుంది కాబట్టి, ఏది కొనాలనుకున్నా ఈ రివ్యూ ఉపయోగపడుతుంది. నా మటుకు నాకు పెట్టిన డబ్బంతా మధ్యలో ఉన్న ఆ మూడు స్టేట్‌మెంట్ల భాగంతోనే గిట్టుబాటైంది.

మొదటి భాగం మనకు అక్కర్లేదు. డెబిట్, క్రెడిట్, ట్రయల్ బ్యాలెన్స్, తరుగుదల లెక్కలు ఇంజినీరింగ్ చదివి ఇటు వచ్చేవాళ్ల కోసం పెట్టారు. అకౌంటింగ్ చదివినవాళ్లు అవి దాటేయండి. ఎక్సెల్ పాఠాలు మాత్రం దాటేయొద్దు. మనం చేత్తో ఇచ్చే అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో, వేరే షీట్ నుంచి తెచ్చినవి ఆకుపచ్చలో ఉండాలనే పద్ధతి నాకు అక్కడే అలవాటైంది. ఫార్ములా మధ్యలో అంకె ఇరికించకూడదని కూడా గట్టిగా చెప్తారు. ఉద్యోగంలో మన ఫైల్‌ని ఇంకొకరు తెరిచి చూసినప్పుడు ఈ శుభ్రత ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

అసలు కోర్సు మూడు స్టేట్‌మెంట్ల మోడల్ దగ్గర మొదలవుతుంది. డిగ్రీలో మన ముందుకు వచ్చేది ముగిసిపోయిన సంవత్సరం. అంకెలన్నీ ప్రశ్నలోనే ఇస్తారు, వాటిని సరైన చోట పెట్టి బ్యాలెన్స్ షీట్ కలపడమే మన పని. ఇక్కడ రాబోయే అయిదేళ్ల కాలమ్స్ ఖాళీగా ఉంటాయి. డెబ్టార్స్, అంటే అరువుకు అమ్మి ఇంకా వసూలు కాని డబ్బు, ఎంతో ఎవరూ చెప్పరు. అమ్మకాలు ఎంత ఉండొచ్చు, ఆ డబ్బు ఎన్ని రోజులకు వసూలవుతుంది అని మనమే ఆలోచించి రాబట్టాలి.

ఏడాది అమ్మకాలు 3,650, వసూలుకు 60 రోజులు అనుకుంటే డెబ్టార్స్ 600. అదే 75 రోజులకు జరిగితే 750. లాభంలో ఒక్క అంకె మారదు, కానీ 150 నగదు చేతికి రాకుండా ఆగిపోయింది. డిగ్రీలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ నేనూ చేశాను, మార్కులూ తెచ్చుకున్నాను. అయినా ఒక సెల్‌లో 60ని 75 చేయగానే కింద నగదు పడిపోవడం చూస్తే అర్థమైనంత ఆ లెక్కల్లో అర్థం కాలేదు. ఈ పాఠంలోనే అమెరికాలోని డబ్ల్యూ.టి. గ్రాంట్ అనే రిటైల్ కంపెనీ కేసు చూపిస్తారు. ఏళ్ల తరబడి లాభాలు చూపిస్తూనే వచ్చింది, అరువు అమ్మకాలూ సరుకు నిల్వలూ పెరుగుతూ పోయాయి, వ్యాపారం నుంచి రావాల్సిన నగదు మాత్రం చాలా ఏళ్లు మైనస్‌లోనే ఉంది. 1975లో దివాలా తీసింది. బ్యాంకుల్లో క్రెడిట్ అనలిస్టు కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క పాఠాన్ని రెండుసార్లు చూసినా తక్కువే.

అప్పుల షెడ్యూల్ కూడా బాగా చెప్పారు. వడ్డీని సగటు అప్పు మీద వేస్తే, వడ్డీ వల్ల లాభం మారుతుంది, లాభం వల్ల నగదు, నగదు వల్ల అప్పు, మళ్లీ అప్పు వల్ల వడ్డీ. ఎక్సెల్ సర్క్యులర్ రిఫరెన్స్ అంటూ హెచ్చరిస్తుంది. దీన్ని ఇటరేటివ్ క్యాలిక్యులేషన్‌తో (అంకె స్థిరపడేదాకా ఎక్సెల్ లెక్కను మళ్లీ మళ్లీ వేయడం) నడిపించడం, కావలసినప్పుడు ఆపేయడానికి ఒక స్విచ్ పెట్టడం, అంత అవసరం లేనిచోట ఏడాది మొదట్లో ఉన్న అప్పు మీదే వడ్డీ వేసేయడం, మూడూ చేయించారు. నేను ఆఫీసులో మూడోదే వాడతాను. ఎవరైనా తెరిస్తే అర్థమయ్యే ఫైలే నా దృష్టిలో మంచి ఫైలు.

వాల్యుయేషన్‌కి వచ్చేసరికి పాఠాలు పరుగు పెడతాయి. డీసీఎఫ్ (రాబోయే ఏళ్ల నగదును డిస్కౌంట్ రేటుతో నేటి విలువకు తగ్గించి కంపెనీ విలువ కట్టే పద్ధతి) ఫార్ములా చూపించి, టెంప్లేట్ ఇచ్చి, అంకెలు నింపమంటారు. టెర్మినల్ వాల్యూ, అంటే అంచనా వేసిన ఏళ్ల తర్వాతి కాలమంతటికీ కట్టే విలువ, ఎంత సున్నితమైందో చెప్పనే లేదు. చివరి ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో (ఖర్చులు, పెట్టుబడులు పోగా మిగిలే నగదు) 100, డిస్కౌంట్ రేటు 10 శాతం, శాశ్వత వృద్ధి 2 శాతం అనుకుంటే విలువ 1,275 వస్తుంది. వృద్ధిని 3 శాతం చేస్తే దాదాపు 1,471. ఒక్క శాతానికి విలువ 15 శాతం పెరిగింది. ఈక్విటీ రీసెర్చ్‌కి వెళ్లాలనుకునే కుర్రాళ్లకు ఫార్ములా కంటే ముందు చెప్పాల్సింది ఇదే.

ఇంకో లోపం నాకు నిజంగా కష్టంగా అనిపించింది. లీజుల అద్దెని ఇంకా మామూలు ఖర్చుగానే చూపే పాత టెంప్లేట్ ఇచ్చారు. లీజుల మీద అంతర్జాతీయ అకౌంటింగ్ నిబంధన అయిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అమల్లోకి వచ్చింది 2019 జనవరి 1న. అప్పటినుంచి ఎక్కువ లీజులు బ్యాలెన్స్ షీట్ మీదికి వచ్చి, ఆ అద్దె కాస్తా తరుగుదల, వడ్డీగా విడిపోయింది. దాంతో ఎబిట్‌డా (వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం) పెరిగి కనిపిస్తుంది, అప్పూ పెరిగి కనిపిస్తుంది. ఇది తెలియకుండా 2018ని 2019 పక్కన పెట్టి పోల్చితే లేని ఎదుగుదల ఉన్నట్టు తోస్తుంది. అకౌంటింగ్ చదివినవాళ్లు దీన్ని చూడగానే పట్టుకుంటారు. డిగ్రీ వృథా అయిందేమో అని టెన్షన్ పడే జూనియర్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే. మోడల్ కట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, అందులోని అంకె ఏ నిబంధన ప్రకారం పుట్టిందో మనకు ముందే తెలుసు.

ఇంటర్వ్యూ తయారీలో ఒక ప్రశ్న మీద బాగా సాధన చేయించారు: తరుగుదల 10 పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏమవుతుంది? పన్ను 25 శాతం అనుకుంటే నికర లాభం 7.5 తగ్గుతుంది. తరుగుదల నగదు ఖర్చు కాదు కాబట్టి 10 తిరిగి కలిపితే నగదు 2.5 పెరుగుతుంది. ఆస్తుల్లో యంత్రాలు 10 తగ్గి, నగదు 2.5 పెరిగి, మొత్తం 7.5 తగ్గుతుంది. అటువైపు రిటెయిన్డ్ ఎర్నింగ్స్ (కంపెనీలోనే ఉంచుకున్న లాభాలు) కూడా 7.5 తగ్గి, రెండువైపులా సరిపోతాయి. నన్ను అచ్చంగా ఇదే అడిగారు. కాగితం మీద వరసగా రాసి చూపించాను.

ప్లేస్‌మెంట్ సహాయం పేరుతో ఎక్కువ రుసుము తీసుకునే ప్యాకేజీ మాత్రం కొనకండి. నాకు అందినవి ఎవరికైనా దొరికే ఉద్యోగ ప్రకటనల లింకులు, అందరికీ ఒకేలా పంపిన రెజ్యూమె నమూనా. సర్టిఫికెట్ గురించి నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లెవరూ అడగలేదు. నేను సొంతంగా కట్టిన ఒక లిస్టెడ్ కంపెనీ మోడల్ తెరవమని, అమ్మకాల అంచనా ఎందుకలా పెట్టావని చాలాసేపు అడిగారు. ఆ కంపెనీ వార్షిక నివేదికలో నోట్స్ అన్నీ చదివి ఉండటం వల్లే జవాబులు చెప్పగలిగాను.

ఆడిట్‌లోకి వెళ్లేవాళ్లకు ఈ కోర్సు తొందరేం లేదు. పెట్టుబడుల విశ్లేషణ రంగంలో పేరున్న మూడు లెవెళ్ల సీఎఫ్‌ఏ పరీక్షలకు ఇది ప్రత్యామ్నాయం కూడా కాదు. ఎఫ్‌పీ అండ్ ఏ, క్రెడిట్, కార్పొరేట్ ఫైనాన్స్ వైపు వెళ్లేవాళ్లు కొనొచ్చు. కొనేముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: టెంప్లేట్లను చివరిసారి ఎప్పుడు మార్చారు, మనం కట్టిన మోడల్‌ని ఎవరైనా చూసి తప్పులు చెప్తారా. నా కోర్సులో రెండోది ఉంది. వారంలోపే ఫైల్ మీద వ్యాఖ్యలు రాసి తిరిగి పంపేవారు.