చేతికర్రా, వాకరా? అమ్మమ్మకి ఏది కొనాలి

మా అమ్మమ్మకి షుగర్ వల్ల అరికాళ్లకి స్పర్శ తగ్గింది, కాలి చెప్పు జారిపోయినా తెలీదు, రాత్రి కరెంట్ పోతే గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. కాళ్లు చెప్పనిది కళ్లతో చూసుకుని నడుస్తోంది కదా, చీకట్లో అదీ ఉండదు.

ఖర్చు: కర్ర కొన్ని వందల్లో వచ్చేస్తుంది, వాకర్ కాస్త ఎక్కువే.

అలవాటు: కర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, మావాళ్లందరూ నొప్పి వైపే పట్టుకుంటారు! వాకర్‌తో రెండు చేతులూ బిజీ, కాఫీ గ్లాసు కూడా తెచ్చుకోలేరు.

ఎత్తు: రెండిటికీ ఒకటే లెక్క, నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

రిస్క్: కర్ర కింద రబ్బరు అరిగితే తడి బాత్రూంలో జర్రున జారుతుంది. వాకర్‌కి గడపలే శత్రువులు, మెట్ల మీద అసలొద్దు.

ఒక కాలే బలహీనంగా ఉండి మిగతాదంతా బానే ఉంటే కర్ర చాలు. రెండు వైపులా తూలుతుంటే, ఈమధ్య పడుంటే వాకరే. లేవగానే కళ్లు తిరుగుతుంటే మాత్రం ఏదీ కొనకముందే వాడే మాత్రలన్నీ పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

మేం వాకరే కొన్నాం, మొదటి వారం దానిమీద తువ్వాళ్లు ఆరేసింది, ఇప్పుడు అది లేకుండా వంటింట్లోకి కూడా రావట్లేదు.