తామర పౌడర్: సేఫ్టీ షూ వేసుకునేవాడి సమీక్ష

విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పని నాది. పైన రేకులు, కాళ్లకి సేఫ్టీ షూ, ఒంటికి మందపాటి ప్యాంటు. ఉక్కపోత రోజుల్లో మధ్యాహ్నానికే సాక్సులు పిండొచ్చు. వేళ్ల సందులు నాని చెడటం, గజ్జల్లో తామర రావడం మా దగ్గర కొత్తేమీ కాదు. క్లోట్రిమజోల్ 1 శాతం డస్టింగ్ పౌడర్ కొన్నేళ్లుగా నా బ్యాగులో ఉంటోంది.

దీనివల్ల కానిది ముందు చెబుతాను. అంచు ఎర్రగా లేచి గుండ్రంగా పాకుతున్న తామరకి ఒక్క పౌడరే చల్లుకుంటూ కూర్చుంటే లాభం లేదు. చర్మవ్యాధుల డాక్టరు నాకు రాసింది క్రీము, పౌడరు దానికి తోడు మాత్రమే. ఫంగస్ బతకడానికి కావలసిన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారవకుండా క్లోట్రిమజోల్ అడ్డుపడుతుంది. రెండింట్లోనూ మందు అదే అయినా, క్రీము చర్మానికి పట్టి ఉంటుంది, పౌడరు పైపైన ఉండి తడి పీల్చుకుంటుంది. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు క్రీము ఆపొద్దన్నారు. దురద తగ్గగానే ట్యూబు పక్కన పడేసేవాళ్లకే ఇది తిరగబెట్టేది.

పౌడరు అసలు విలువ ఆ తర్వాత తెలిసింది. ఒకప్పుడు ఏటా ఎండాకాలం గజ్జల్లో మొదలయ్యేది. రోజూ పొద్దున స్నానమయ్యాక, సాయంత్రం షూ విప్పి కాళ్లు కడుక్కున్నాక చల్లుకోవడం అలవాటయ్యాక ఆ బాధ దాదాపు పోయింది. మళ్లీ రాకుండా చూసే పనిలో దీనికి మంచి మార్కులే వేస్తాను.

చల్లే ముందు ఒళ్లు పూర్తిగా ఆరాలి. తడి మీద వేస్తే ముద్ద కట్టి, నడుస్తుంటే మడతల్లో ఇసుకలా రాసుకుంటుంది, ఉన్న చర్మం కూడా లేచిపోతుంది. వేళ్ల సందుల్ని ఒక్కొక్కటిగా గుడ్డతో అద్దాలి, ముఖ్యంగా చిటికెన వేలు పక్కన సందు, తెల్లగా నానేది ఎక్కువగా అక్కడే. పౌడరు పలచగా చాలు. కొంచెం సాక్సుల్లో, షూలో కూడా దులుపుతాను. డబ్బాని ఒంటి మీద పట్టుకుని దులపకుండా, ఫ్యాను ఆపి అరచేతిలో వేసుకుని రాస్తాను. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ డబ్బా పై అరలో ఉండాల్సిందే.

పగిలి రసి కారే చోట, పుండు మీద, మర్మావయవాల లోపల ఇది వెయ్యకూడదు. మంట పుట్టినా, ఎరుపు పెరిగినా ఆపేయాలి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం వేళ్ల మధ్య చీలిక కనిపిస్తే పౌడరుతో కాలక్షేపం చేయొద్దు. ఆ చీలికలోంచి బ్యాక్టీరియా దూరితే కాలు వాచి జ్వరం దాకా పోతుంది.

ఇంకొకటి, మొలతాడు. డాక్టరు నన్ను మొదట అడిగింది దాని గురించే. చెమటకి నాని ఎప్పుడూ తడిగా ఉండే ఆ తాడులో ఫంగస్ తిష్ఠ వేస్తుందట. నడుం చుట్టూ తామర ఉన్నప్పుడు అది తీసేయాలి. మా అమ్మ ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది. తువ్వాలు, లోదుస్తులు నావి వేరు. వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేస్తాం. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లకీ ఒకేసారి వైద్యం చేయించాలి, లేకపోతే ఎంత పౌడరు చల్లినా దండగే.

మెడికల్ షాపులో ‘తామరకి ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే మాత్రం జాగ్రత్త. మా వెల్డరు ఒకతనికి అలా ఇచ్చిన ట్యూబులో స్టెరాయిడ్ కలిసుంది. రెండు రోజుల్లో దురద పోయింది, ఆపగానే తొడంతా పాకింది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి పేర్లు కనిపిస్తే డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోవద్దు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటరు మీద దొరుకుతూనే ఉన్నాయి. పౌడరు కొనేటప్పుడూ అంతే, చెమటకాయల పౌడరు వేరు, ఈ క్లోట్రిమజోల్ పౌడరు వేరు. డబ్బా మీద మందు పేరు చదివే కొనాలి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. వానాకాలం మూత రంధ్రాలు పూడుకుపోతాయి, గుండుసూదితో పొడుచుకోవాలి. నల్ల ప్యాంటు లోపల తెల్ల చారలు తప్పవు. అందుకే పెద్ద డబ్బా వద్దు, చిన్నదే కొనండి. ఇక కాలిగోరు పసుపుపచ్చగా మందమైనా, పిల్లల తలలో పొక్కులొచ్చి జుట్టు ఊడుతున్నా ఈ పౌడరు కొనకండి. గోరుకీ తలకీ పట్టిన ఫంగస్‌కి సాధారణంగా మింగే మందే కావాలి, అది డాక్టరే రాయాలి.