కట్ట కుంగిందా, రాయి లేచిందా?

జలాశయానికి వేసిన మట్టికట్ట కొంత కుంగడం మామూలే. కట్టిన తొలి ఏళ్లలో, మొదటిసారి నీళ్లు నింపినప్పుడు దిగుతుందని తెలిసే పైభాగాన్ని కాస్త ఎత్తుగా కడతారు. ఆ దిగడం ఏటేటా తగ్గుతోందా, ఉన్నట్టుండి పెరిగిందా అన్నదే చూడాలి. 2021 నవంబరు 19న చెయ్యేరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది వరదకే. అయినా కట్ట తల దిగితే వరద పొర్లడానికి దారి సులువవుతుంది.

మిల్లీమీటర్ల లెక్క కాబట్టి, ఏ గుర్తు నుంచి కొలుస్తామో అది కదలకూడదు. మామూలుగా మీటరు లోతున కాంక్రీటు పోసి బెంచ్‌మార్క్ రాయి నిలబెడతారు. చవక, పని కూడా త్వరగా అయిపోతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో మాత్రం దీన్ని నమ్మలేం. వానకు రేగడి ఉబ్బి రాయిని ఎత్తుతుంది, ఎండకు నెర్రెలిచ్చి దించుతుంది. రాయి లేస్తే లెక్కలో కట్ట కుంగినట్టు వస్తుంది. మే నెలలో చూస్తే అదే కట్ట పెరిగినట్టు! ఎత్తు తేడాలు కొలిచే లెవెల్ పరికరం ఎంత ఖరీదైనదైనా ఈ తప్పును పట్టలేదు.

లోతు గుర్తుకు ఈ బాధ లేదు. గట్టి రాతిలోకి బోరు దించి, అడుగున కడ్డీని సిమెంటుతో బిగిస్తారు. చుట్టూ విడిగా పైపు ఉంటుంది. మట్టి ఉబ్బినా తగ్గినా ఆ లాగుడంతా పైపుకే, కడ్డీకి తగలదు. మన ఎండలకు ఉక్కు సాగదా అంటే, పది మీటర్ల కడ్డీ అంతా పది డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. కానీ నేలలో కొన్ని మీటర్లు దిగాక వేడి ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైన మూత, నీడ ఉంటే చాలు. ఖర్చు మాత్రం ఎక్కువే. నాపరాయి ప్రాంతంలో ఇంకో జాగ్రత్త: రాయి తగలగానే బోరు ఆపకూడదు. నాపరాయీ సున్నపురాయే, బెలుం గుహలు ఏర్పడింది సున్నపురాతిలోనే. కింద డొల్ల లేదని తేల్చుకోవాలి.

జీపీఎస్ రాత్రింబవళ్లు చూస్తుంది, నిజమే. కానీ ఎత్తు విషయంలో లెవెల్ అంత నిక్కచ్చి కాదు. పైగా దాని కొలతలకు ఆధారమైన బేస్ స్తంభం రేగడిలోనే ఉంటే మళ్లీ పాత కథే.

గండికోట లాంటి చోట, రాయి బయటికే కనిపిస్తుంటే బోరు దండగ. విడి బండ కాకుండా గుట్ట రాతి మీదే గుర్తు చెక్కితే సరి. రేగడిలో మాత్రం నా ఓటు లోతు గుర్తుకే. అదీ నీటి బరువు పడే చోటికి దూరంగా, మూడు. ఒకటే ఉంటే కదిలిందని తెలియదు, రెండుంటే ఏది కదిలిందో తెలియదు.