చిన్న రాడ్‌కి 78 గ్రాముల రీల్: నాలుగేళ్ళు వాడాక

నా ఫ్లై రాడ్ (ఈకలూ దారంతో కట్టిన తేలికపాటి ఎరని విసిరి చేపలు పట్టే కర్ర) ఏడడుగులది, 3 వెయిట్ (అది విసిరే లైన్ బరువుకి గుర్తు, అంకె పెరిగేకొద్దీ బరువెక్కువ). మొదట్లో దానికి ఇంట్లో పడి ఉన్న 5 వెయిట్ రీల్‌నే తగిలించాను. రీల్‌దేముంది, లైన్ చుట్టుకోడానికేగా అనుకున్నాను. ఒక్క పూట వాగులో తిరిగేసరికి మణికట్టు పీకేసింది. రాడ్ కొన పైకి లేస్తూ ఉంటే దాన్ని కిందికి అదిమి పట్టుకోవడమే పనైపోయింది. ఆ విసుగులో వెళ్ళి, కనిపించినవాటిలో అన్నిటికన్నా తేలికైనది కొనేశాను. ఖాళీ రీల్ 78 గ్రాములు. నాలుగేళ్ళుగా అదే వాడుతున్నాను.

రాడ్‌కి అది భలే కుదిరింది, కాకపోతే అందులో నా తెలివేమీ లేదు. ఇదే రీల్‌ని ఎనిమిదిన్నర అడుగుల 3 వెయిట్ రాడ్‌కి పెట్టి చూస్తే కొన నేలచూపులు చూసింది. అంటే చూడాల్సింది గ్రాములు కాదు, పిడి మీద తూకం. అది కూడా ఖాళీ రీల్‌తో చూస్తే లాభం లేదు. బ్యాకింగ్ (లైన్ అడుగున చుట్టే సన్నటి దారం), లైన్ పూర్తిగా చుట్టి, రాడ్ రింగుల్లోంచి లాగి, మామూలుగా విసిరేటప్పుడు ఎంత బయట ఉంటుందో అందులో కొంతైనా వేలాడదీసి, కార్క్ పిడి ముందు భాగం కింద ఒక వేలు పెట్టి చూడాలి. రాడ్ అక్కడ అడ్డంగా నిలిస్తే చాలు. 3 వెయిట్ లైన్‌లో మొదటి 30 అడుగులు తూగేది 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. అంతేనా అనిపిస్తుంది గానీ, ఏడడుగుల కర్ర చివర ఆ కాస్త బరువే చేతికి బాగా తెలుస్తుంది.

చేప లాగినప్పుడు రీల్‌ని ఆపే బ్రేకుని డ్రాగ్ అంటారు. నాది బిళ్ళలతో ఒత్తే డిస్క్ డ్రాగ్ కాదు, పాతకాలపు క్లిక్ రకం. లోపల ఒక పళ్ళ చక్రం, దానికి స్ప్రింగ్‌తో ఒత్తుకుని ఉండే చిన్న త్రికోణపు ముక్క, అంతే. చేయి మార్చుకోవాలంటే ఆ ముక్కని తిప్పి పెడితే సరిపోతుంది. చిన్న ట్రౌట్‌లకి ఇంతకన్నా అక్కర్లేదు. వాటిని చాలాసార్లు వేళ్ళతో లైన్ లాగే ఒడ్డుకి తెస్తాం, రీల్ దాకా వ్యవహారం రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నదానికన్నా ఎంత మెత్తగా కదలడం మొదలుపెడుతుంది అన్నదే ముఖ్యం. 6 ఎక్స్ టిప్పెట్ (ఎరకి కట్టే చివరి సన్న దారం) మందం అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు. (11 లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే ఈ లెక్క వచ్చేస్తుంది.) అంత సన్నటి దారానికి మొదటి కుదుపే గండం. ఈ విషయంలో నా రీల్ మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు వేరే ఉంది. స్ప్రింగ్ మెత్తనిది కదా, లైన్ చేత్తో గబుక్కున లాగితే స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) ఆగకుండా తిరిగి లోపల లైన్ వదులై ఉబ్బుతుంది. పైన ఒక చుట్టు కింద ఇంకోటి దూరి బిగుసుకుంటుంది. మొదటి నెలలో మూడుసార్లు నీళ్ళలో నిలబడి చిక్కు విప్పుకున్నాను. ఇప్పుడు లాగేటప్పుడు చిటికెన వేలు అంచుకి ఆనించడం అలవాటైపోయింది.

అసలు నొప్పి అంచు దగ్గర. బరువు తగ్గించడానికి ఫ్రేమ్‌కి ఒక వైపు కడ్డీలు తీసేశారు, స్పూల్ అంచు పల్చగా చెక్కారు. రెండో ఏడు రాయి మీద జారి పడ్డాను. నాకేం కాలేదు, రీల్ అంచు మాత్రం ఒక చోట నొక్కుకుపోయింది. అప్పట్నుంచి ప్రతి చుట్టుకీ ఒకసారి ‘టక్’ మని రాసుకునేది. చెక్క సుత్తితో మెల్లగా కొట్టి చాలావరకు సరిచేశాను గానీ పూర్తిగా పోలేదు. స్పూల్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందులోకి లీడర్ (లైన్‌కీ ఎరకీ మధ్య ఉండే సన్న దారం) జారిపోవడం ఇంకో తలనొప్పి. బయటికి లాగి చూస్తే ఒక పక్క గీసుకుపోయి ఉంటుంది. అది గమనించక ఒకసారి మంచి చేపని పోగొట్టుకున్నాను.

స్పూల్ నిండా ఉన్న చిల్లులు మాత్రం కొత్త ఫ్యాషనేం కాదు. 1874లో చార్లెస్ ఆర్విస్ పేటెంట్ తీసుకున్న రీల్‌కీ ఇలాంటివే ఉన్నాయి. బరువూ తగ్గుతుంది, లైనూ ఆరుతుంది. చిల్లుల్లోంచి ఇసుక వెళ్తుంది, నిజమే. నెలకోసారి స్పూల్ ఊడదీసి తుడిచి, ఇరుసుకి చుక్క గ్రీజు పెడితే ఇబ్బంది లేదు.

బ్యాకింగ్ ఎంత పట్టాలో డబ్బా మీద రాసింది నమ్మి ఒకసారి దెబ్బతిన్నాను. నాది డబుల్ టేపర్ లైన్ (రెండు చివర్లా సన్నబడేది), అది కాస్త ఎక్కువ చోటు తింటుంది. అందుకే ముందు లైన్ చుట్టి, దాని మీద బ్యాకింగ్ అంచుకి నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ వరకు చుట్టి, అక్కడ కోసి, మొత్తం విప్పి తిరగేసి ఎక్కించాను. అరపూట పట్టింది, విసుగు కూడా వచ్చింది. కానీ స్పూల్ సరిగ్గా నిండితే లైన్ పెద్ద చుట్లుగా ఉంటుంది, విసిరినప్పుడు స్ప్రింగులా మెలికలు తక్కువ.

మళ్ళీ కొనాల్సి వస్తే 100 గ్రాములైనా సరే, చుట్టూ ఫ్రేమ్ ఉన్నదే తీసుకుంటాను. రాడ్ వెంట తీసుకెళ్తాను. నా రాడ్‌కి రీల్‌ని పట్టి ఉంచేది రెండు రింగులే, రీల్ పాదం (రాడ్‌కి ఆనే భాగం) మందంగా ఉంటే అవి ఎక్కవు. ఆ సంగతి చూడకుండానే ఇది కొన్నాను.